తడిగోనె వంతు

ఆ పూట ఇంట్లో ఉన్నది ముగ్గురు. కిటికీ పక్క మంచం మీద, తుంటి విరిగిన దగ్గర్నుంచి లేవలేని నానమ్మ. కుట్టుమిషను ముందు, పరుపుల కార్ఖానా నుంచి వచ్చిన దిండు గలీబులు కుడుతూ అమ్మ. గడపలో, చెప్పులు విప్పకుండా నిలబడ్డ చిన్నది. చిన్నది ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటుంది. నానమ్మ దాన్ని ఉడత అంటుంది. అక్కా బావా కార్ఖానాలో ఉన్నారు. అక్క అక్కడ పరుపులు కుడుతుంది, బావ అక్కడి మేస్త్రీ. అక్కకి అన్నం క్యారియరు ఇచ్చి చిన్నది అప్పుడే తిరిగొచ్చింది.

"చెప్పులు విప్పి లోపలికి రావే ముందు. గడపలో నిలబడి ఏం చెప్తావు?"

"నిప్పురవ్వలమ్మా. కరెంటు బోర్డులోంచి."

"చెప్పావు, విన్నాను. అక్కకి అన్నం ఇచ్చావా?"

"ఇచ్చాను."

"తిందా?"

"తినలేదు. గోనె పట్టుకుని నిలబడింది."

"ఏ గోనె?"

"తడిగోనె. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ బోర్డు నిప్పులు కక్కుతుందటమ్మా. అందుకని ఒక మనిషి తడిగోనె పట్టుకుని దాని కింద నిలబడాలట. రవ్వ పడగానే కొట్టాలి. రోజుకొకరి వంతు. ఇవాళ అక్క వంతు."

"హవ్వ. నీళ్ళ దగ్గర వంతులు చూశాను, రేషను దగ్గర వంతులు చూశాను. నిప్పుని కాపలా కాయడానికి వంతులేంటే ఉడతా?"

"మీరు ఊరుకోండి అత్తయ్యా. దాన్ని ఎగదొయ్యకండి."

"నేనెక్కడ ఎగదోశాను? అడిగాను. కొట్టిందా మరి మీ అక్క?"

"కొట్టింది నానమ్మా. నేను ఉండగానే కరెంటొచ్చింది. చిటచిటమని రవ్వలు రాలాయి. ఒకటి స్పాంజి ముక్క మీద పడింది. అది మండలేదు, కరిగింది. నల్లగా, మైనంలా, అలా లోపలికి తినుకుంటూ పోయింది. అక్క గోనెతో రెండు దెబ్బలేసింది. అందరూ నవ్వారు."

"చూశావా? నవ్వారు. భయపడాల్సిన సంగతైతే నవ్వుతారా ఎవరైనా?"

"అక్క నవ్వలేదమ్మా."

"మీ అక్క మొహం ఎప్పుడూ అంతే. పెళ్ళి ఫోటోలో కూడా నవ్వలేదు."

"వెనకతలుపుకి తాళముంది."

"ఉంటుంది."

"ముందు షట్టరు దగ్గర దూది బేళ్ళు. నేను పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని వెళ్ళాను. ఆ బోర్డు కూడా అక్కడే, షట్టరు పక్కనే. దాని కిందే జిగురు డబ్బాలు. అక్కడ అంటుకుంటే ముందు నుంచి రాలేరు. వెనక తాళం."

"వెనకనుంచి గుడ్డ తానులు మాయమవుతున్నాయే. అందుకని యజమాని మూయించాడు. దాచేసి అమ్ముకుంటుంటే చూస్తూ ఊరుకుంటాడా?"

"మంటొస్తే?"

"నీ నోట్లో నుంచి ఒక మంచి మాట రాదు కదా. రోజంతా మూగనోము పట్టి, నోరు తెరిస్తే ఇవి."

"బడికి ఫైర్ స్టేషన్ ఆయన వచ్చినప్పుడు చెప్పాడమ్మా. ఇలాంటివి ఎక్కడైనా చూస్తే ఫోన్ చెయ్యమన్నాడు. పేరు చెప్పక్కర్లేదన్నాడు."

"పేరు చెప్పక్కర్లేదా? ఆహా. ఆ కార్ఖానా లోపలికి వెళ్ళొచ్చే బయటి మనిషివి నువ్వొక్కదానివి. ఇవాళ నువ్వు వెళ్ళావు, రేపు వాళ్ళు దిగారు. ఇంక పేరెందుకే? నీ మొహమే నీ పేరు."

"కానీ..."

"పొడుగామె గుర్తుందా?"

చిన్నది తలొంచుకుంది. పొడుగామె సంగతి ఆ వీధిలో అందరికీ తెలిసిందే. అక్క పక్క మిషను మీద కుట్టేది. కిటికీలు తెరిపించమని, తలుపు తియ్యమని యజమాని ముందు నిలబడి అడిగింది. మర్నాడు ఆమె మిషను మీద వేరే మనిషి కూర్చుంది. ఊళ్ళో కుట్టుపని ఇచ్చేవాళ్ళెవరూ ఆమెని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇప్పుడు పరాయి ఊరెళ్ళి ఇళ్ళల్లో అంట్లు తోముతోందని చెప్పుకుంటారు. అమ్మ అదంతా మళ్ళీ ఒకసారి చెప్పి, కుట్టు ఆపి, వేలితో పైకప్పు చూపించింది.

"ఈ ఇల్లెవరిది?"

"యజమానిది."

"నేను కుట్టే ఈ గలీబులెవరివి? మీ అక్క కూలి, మీ బావ మేస్త్రీపని, మీ నానమ్మ మందులు? కూర్చున్న కొమ్మని నరుక్కుంటావా?"

"మరి ఆ కొమ్మకి నిప్పంటుకుంటే?"

"అత్తయ్యా, మీరు ఊరుకోరా?"

"నేను కాదే అన్నది. నీ కూతురే. దానికి నా నోరొచ్చింది, ఆలస్యంగా."

"నేను పెరట్లో బట్టలు ఆరేసొస్తాను. అల్లుడు వచ్చేసరికి ఈ మాటలు ఇంట్లో వినపడకూడదు. విన్నావా?"

"విన్నాను."

అమ్మ ఫోను మిషను మీదే వదిలి వెళ్ళింది. చిన్నది అది అందుకుని నంబరు నొక్కింది.

"హలో, ఫైర్ స్టేషన్. చెప్పండి."

"..."

"హలో? ఎక్కడండీ మంట?"

"మంట... లేదండీ."

"మంట లేకపోతే మాకెందుకమ్మా ఫోను?"

"ఇంకా రాలేదండీ."

"ఇంకా రాలేదా? అంటే వస్తానని కబురు పెట్టిందా? ఎవరమ్మా మాట్లాడేది? చిన్నపిల్లవా?"

"..."

"సరే, సరే. నవ్వనులే. భయపడకు. ఏం చూశావో చెప్పు. ఎక్కడ?"

"ప... పరు..."

"గట్టిగా చెప్పమ్మా. వినపడట్లేదు."

"ఏం లేదండీ. పొరపాటున నొక్కాను."

"ఆగు ఆగు, పెట్టెయ్యకు..."

"పెట్టేశావా?"

"ఆ, నానమ్మా."

"పరుపు అనే మాట సగమే బయటికొచ్చింది. మిగతా సగం ఎక్కడ పెట్టుకున్నావు?"

"గొంతులో. అక్కడే ఆగిపోయింది. నా వల్ల కాదు నానమ్మా. క్లాసులో హాజరు పలకడానికే నాకు చెమటలు పడతాయి."

"మీ తాత కూడా అంతే. చేతల మనిషి. నోరు మాత్రం గుడ్డు పెట్టని కోడి."

"మాట్లాడకుండా చెయ్యగలిగేది ఏదైనా ఉంటే బాగుండు."

"ఉంటుందిలే. కళ్ళు తుడుచుకో. బావ చెప్పుల చప్పుడు."

బావ చొక్కా విప్పి మేకుకి తగిలించి, పీట మీద కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. చిన్నది మంచినీళ్ళ చెంబుతో గోడనానుకుని నిలబడింది.

"ఏంటి మౌనమ్మా, ఇందాక కార్ఖానాలో కళ్ళు చేటలు చేసుకుని చూస్తున్నావు? పరుపు కావాలా ఏంటి?"

"వద్దు బావా."

"వద్దులే. మా పరుపు మీద పడుకుంటే బడికి లేవవు. అత్తయ్యా, ఇంకొంచెం పెట్టండి."

"బావా."

"ఊఁ."

"ఆ వెనకతలుపు ఇప్పుడు తీసుందా?"

"చిన్నదానా, నీళ్ళు పొయ్యి ముందు. అల్లుణ్ణి తిననివ్వు."

"అడగనివ్వండి అత్తయ్యా. ఏడాదికొక మాట, అది కూడా ఆపితే ఎలా? తీసే ఉంది. ఆడవాళ్ళు పెరట్లో కూర్చుని తింటారు. నేను వెళ్ళి లోపలికి తోలాక వేస్తాను."

"వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే తానులకి కాళ్ళొస్తాయి. గోడ దూకి పోతాయి."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఒకటి నా దగ్గర, ఒకటి యజమాని దగ్గర. ఆయన ఊళ్ళో లేడు. ఏం, నువ్వు కూడా తాను పట్టుకుపోతావా?"

"పని చేసేటప్పుడు మంటొస్తే?"

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది. బాబూ, మీరు పట్టించుకోకండి. వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పాట."

"నేనక్కడే ఉంటాను కదమ్మా. గుత్తి నా జేబులోనే ఉంటుంది. ఆ తలుపు తాళంచెవికి ఎర్రపీలిక కట్టుకున్నాను, ఎందుకో తెలుసా? తొందరలో వెతుక్కోకుండా. చెయ్యి పెడితే అదే రావాలి. గభాలున తీసి, ముందు మీ అక్కని బయటికి నెట్టి, తర్వాత మిగతావాళ్ళని. సరేనా? నిద్ర పడుతుందా ఇంక?"

"ఆ బోర్డు బాగు చేయించొచ్చు కదా బావా?"

"చెప్పాను."

"ఎవరికి?"

"ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పాను. చెప్పానమ్మా. ఈ సరుకు పంపేశాక చూద్దామన్నాడు. ఆ సరుకు పంపాక ఇంకో సరుకు వచ్చింది. పప్పు బాగుంది అత్తయ్యా."

"నువ్వే ఫైరింజను వాళ్ళకి చెప్తే?"

"చూశారా బాబూ? అందుకే వద్దన్నాను."

"నేనా? నేను చెప్తే వాళ్ళొస్తారు. వచ్చి ఏమడుగుతారు? ఈ తలుపుకి తాళం వేసిందెవరు అని అడుగుతారు. వేయించిందెవరు అని అడగరు. తాళంచెవి ఎవడి జేబులో ఉంటే వాడి పేరు రాసుకుంటారు. నా జేబులో ఉంది. అర్థమైందా?"

"ఆఁ."

"ఇంక ఆ మాటెత్తకు. ఇంట్లో ఎత్తకు, బడిలో ఎత్తకు. నేను సరదాగా చెప్పట్లేదు."

"అదేంటి, ఫ్యాను ఆగింది? ఇంత ఎండలో కరెంటు తీస్తే ముసలి ప్రాణం ఏమైపోవాలి?"

"కరెంటు పోయిందా నానమ్మగారూ? అయితే నేను తొందరగా వెళ్ళాలి. అక్కడ మిషన్లు ఆగాయంటే నోళ్ళు మొదలవుతాయి. అత్తయ్యా, చెయ్యి కడుక్కుంటాను, పెరట్లో నీళ్ళున్నాయా?"

"తొట్టిలో ఉన్నాయి బాబూ. రండి, పోస్తాను."

వాళ్ళిద్దరూ పెరట్లోకి వెళ్ళారు.

"ఉడతా, ఆ మేకు దగ్గర ఏం చేస్తున్నావే?"

"చొక్కా జారుతోంది నానమ్మా. సరిచేస్తున్నాను."

"అది జారట్లేదు. నువ్వు జేబులో చెయ్యి పెట్టావు."

"ష్."

"ముడి విప్పుతున్నావా?"

"నానమ్మా, నీకు దణ్ణం పెడతాను. అటు తిరుగు."

"తిరగలేనే. తిరగగలిగితే ఈ మంచమెందుకు? సరే, కళ్ళు మూసుకుంటాను. కానీ తొందరగా."

బావ వచ్చాడు, చొక్కా వేసుకున్నాడు, జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు. గుత్తి గలగలమంది. చిన్నది నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి వెళ్ళిపోయాడు. అమ్మ అంట్లు తీసుకుని పెరట్లోకి నడిచింది.

"ఇంక కళ్ళు తెరవొచ్చా?"

"తెరువు. అరవకూడదు."

"అరిచే ఓపికెక్కడిది? చూపించు. అమ్మో. వెనకతలుపుదేనా?"

"అదే."

"మరి మీ బావ తట్టి చూసుకుని వెళ్ళాడుగా? ఎర్రపీలిక కూడా కనపడింది జేబులోంచి."

"పీలిక విప్పి వేరేదానికి కట్టాను. అది స్టోరుగదిదో ఏదో. బావకి తెలీదు."

"దొంగదానా. ఎవరికి పుట్టావే నువ్వు?"

"నీ కొడుక్కే. నానమ్మా, ఇలా అయితే ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు. ఎవరి పేరూ రాయరు. బావ వెళ్ళి తాళం వెయ్యబోతాడు, తాళంచెవి పట్టదు. పొద్దుపోయేదాకా తలుపు తీసే ఉంటుంది. ఇవాళ అక్క వంతు కదా, ఇవాళ్టికి చాలు. బావ రాగానే మళ్ళీ గుత్తిలో పెట్టేస్తాను."

"రేపు?"

"రేపు మళ్ళీ తీస్తాను."

"ఎల్లుండి?"

"నానమ్మా..."

"సరేలే. ఇవాళ్టి గండం ఇవాళ గట్టెక్కింది. ఇలారా, నీ బుగ్గ ఇలా ఇవ్వు. నోరు లేకపోతేనేం, వేళ్ళున్నాయి నీకు."

"నవ్వకు నానమ్మా, అమ్మ వింటుంది."

"నేను నవ్వట్లేదు, నువ్వే. ఎన్నాళ్ళైందే నువ్విలా నవ్వి."

"బావ ఈపాటికి చేరుంటాడు. అక్కకి ఫోను చేసి అడగనా? తలుపు తీసుందో లేదో? ఒక్కమాట."

"అడుగు, అడుగు. నాక్కూడా వినపడేట్టు పెట్టు."

"అక్కా, నేనే."

"ఇప్పుడా చేసేది? ఫోన్లన్నీ పెట్టెలో వేసే టైము. మీ బావ పెట్టె పట్టుకుని ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వస్తున్నాడు."

"తలుపు తీసుందా అక్కా?"

"ఏ తలుపు?"

"వెనకది."

"ఎందుకుంటుంది? ఇప్పుడే అందర్నీ లోపలికి తోలి నొక్కేశాడు."

"నొక్కడమేంటి?"

"తాళమే. నొక్కితే పడుతుంది కదా, ఆ రకం."

"తాళంచెవి... తిప్పక్కర్లేదా?"

"మనింటి డొక్కు తాళం అనుకున్నావా? దీన్ని వెయ్యడానికి తాళంచెవి అక్కర్లేదు, తియ్యడానికే. ఏమైందే నీకు?"

"అక్కా, గుత్తిలో..."

"ఉడికిపోతున్నామే ఇక్కడ. కరెంటు లేదు. మోటరు లేక కుళాయిలో చుక్క నీళ్ళు లేవు. గోనె ఎండిపోయి అట్టలా అయింది. తాగే నీళ్ళు చల్లుతానంటే కసిరాడు. ఇంట్లోనేమో మొగుడు, ఇక్కడేమో మేస్త్రీ. ఎవడితో చెప్పుకోను?"

"అక్కా, విను. బావకి చెప్పు, ఆ ఎర్రపీలికది..."

"ఆ, వేస్తున్నానండీ, వేస్తున్నాను. మా చెల్లెలండీ. పెట్టేస్తున్నానే."

"అక్కా. అక్కా."

"ఉడతా, మళ్ళీ చెయ్యి."

"ఆపేసింది నానమ్మా. పెట్టెలో వేసేసింది."

"బావకి చెయ్యి."

"మోగుతోంది. ఎత్తట్లేదు. పని వేళ యజమాని ఫోను తప్ప ఎత్తడు."

"అయితే పరిగెత్తవే. తాళంచెవి పట్టుకుని పరిగెత్తు. చెప్పులెందుకు ఇప్పుడు?"

"ఏమని చెప్పను బావకి?"

"ఏమీ చెప్పకు. చేతిలో పెట్టు. నీకు మాటలు రావుగా, చెయ్యి చాపు చాలు."

"ఫోను మోగుతోంది నానమ్మా. బావే అయ్యుంటాడు."

అమ్మ పెరట్లోంచి వచ్చింది.

"ఎక్కడికే పరుగు? ఆ ఫోను ఇలా ఇవ్వు."

"అమ్మా, నేను మాట్లాడతాను. ఇవ్వమ్మా."

"నా ఫోనుకి నువ్వు మాట్లాడేదేంటి? చేతులు తడి, అలా జరుగు. హలో? ఎవరండీ? ఎక్కడి నుంచి? ఫైర్ స్టేషనా?"

"అమ్మా..."

"ష్. మా నంబరు నుంచా? లేదండీ. ఇందాకా? మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదండీ. ఆడపిల్లా? పిల్లలు ఏదో ఆడుకుంటూ నొక్కుంటారు. పరు అందా? ఏమోనండీ. మంటా? అయ్యో, మంటేం లేదండీ. అంతా బాగుంది. అవునండీ, బాగుంది. ఉంటానండీ."

అమ్మ ఫోను పెట్టేసి చిన్నదాని వైపు తిరిగింది.

"ఏమని చెప్పావు వాళ్ళకి?"

"ఏం చెప్పలేదమ్మా."

"పేరు చెప్పావా? వీధి చెప్పావా?"

"లేదు. అమ్మా, నేను వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికి."

"అక్క దగ్గరికా, ఫైర్ స్టేషన్‌కా? అది కూడా ఆ దారిలోనే కదా? నన్ను చూసి చెప్పు. ఎప్పుడూ ఇంతే. అడిగినప్పుడు నోరు పెగలదు, అడగనప్పుడు కొంపలు ముంచుతావు."

"తాళం... అమ్మా, ఆ తాళం..."

"తాళం సంగతి కూడా చెప్పేశావా? దేవుడా. మీ బావ ఏమన్నాడు ఇందాక? అన్నం తింటూ ఏమన్నాడు? ఎవడి జేబులో ఉంటే వాడి పేరు రాసుకుంటారన్నాడు. నీ అక్క మొగుణ్ణి జైల్లో పెట్టిస్తావా?"

"కోడలా, దాని మాట విను. పిల్ల చెప్పేది వేరే..."

"మీరు మాట్లాడకండి అత్తయ్యా. సగం మీరు చేసిన గారాబమే ఇది. నడు. గదిలోకి నడు."

"అమ్మా, చెయ్యి వదులు. అమ్మా, ఇది చూడు, నా చేతిలో..."

"గింజుకున్నావంటే నా అంత చెడ్డది ఉండదు. నేను ముందు అల్లుడికి చెప్పొస్తాను, వాళ్ళు దిగేలోపల తాళం అదీ సర్దుకుంటాడు. వచ్చాక నీ సంగతి చెప్తాను. నడవ్వే."

"కోడలా, ఆగు. తాళంచెవి దాని..."

"వచ్చాక వింటాను అత్తయ్యా, వచ్చాక."

అమ్మ చిన్నదాన్ని గదిలోకి నెట్టి తలుపు మూసి, బయట గొళ్ళెం పెట్టింది.

"అమ్మా! తాళంచెవి నా దగ్గరుంది. బావ దగ్గర లేదు. అమ్మా, నిజం. నా దగ్గరే ఉంది!"

"వచ్చింది నోరు. ఇప్పుడొచ్చింది. వెళ్ళిపోయిందే మీ అమ్మ."

"పిలువు నానమ్మా. కిటికీలోంచి పిలువు."

"పిలుస్తున్నాను. మలుపు తిరిగింది. మీ అమ్మ నడకకి నా గొంతు అందదు."

"కార్ఖానాకేనా వెళ్ళింది?"

"అక్కడికే. లోపలికే వెళ్ళి చెప్తుంది మీ బావకి."

"గొళ్ళెం తియ్యి నానమ్మా. ఎలాగైనా తియ్యి. కర్ర అందుకో. మంచం మీదనుంచే, కర్రతో."

"అందట్లేదే. ఇంకొంచెం... అందట్లేదు. ఉండు, జరుగుతున్నాను. అబ్బా."

"పడతావు. జాగ్రత్త. తలుపు సందులోంచి ఇస్తే, ఎవరైనా వీధిలో వెళ్తుంటే పిలిచి..."

"ఎవరూ లేరు. ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. ఆగు. ఆగవే, మాట్లాడకు."

"ఏంటి నానమ్మా?"

"ఉడతా, ఫ్యాను తిరుగుతోందే."